నీలం కోటుకి ఆకుపచ్చ దారం

ఏమండీ,

క్షేమమని రాస్తే మొక్కుబడిగా ఉంటుంది, అందుకే రాయడం లేదు. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి అక్క ఈ ఓడ గదిలో పక్క మంచం మీద గురక పెడుతోంది. ఆ మంచం మీద మీరుండాలి.

పొద్దున గ్లేసియర్ చూశాం, సముద్రంలోకి దిగే మంచునది. షాపు గోడకి పాత క్యాలెండరు బొమ్మ తగిలించుకుని, "ఎప్పటికైనా దీని ముందు నిలబడాలే" అన్నది మీరు, నేను కాదు. తీరా టికెట్లు చేతికొచ్చాక "సూట్లు ఆగిపోతాయి, మీ అక్కని తీసుకెళ్ళు" అన్నదీ మీరే.

తెల్లగా ఉంటుందనుకున్నాను. కాదు, నీలిమందు ఎక్కువైన చొక్కాలా ఉంది. ఓడ దాని ముందు ఆగితే అందరూ గుసగుసల్లోకి దిగారు. చూస్తుండగానే మేడంత ముక్క విరిగి నీళ్ళలో పడింది. పడ్డ కాసేపటికి గాని చప్పుడు రాలేదు. వచ్చాక గుండెల దాకా వచ్చింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడే పక్కనున్నావిడ, "కోటు బాగుంది. గుండీలు మీరే కుట్టుకున్నారా?" అంది. చూసుకుంటే, మీరు కుట్టిన నీలం కోటుకి ఆకుపచ్చ దారం. మా ఆయన టైలరని చెప్పడానికి నోరు రాలేదు.

దారం రంగు కలవకపోతే ఎవరి చొక్కా అయినా విప్పి మళ్ళీ కుట్టే మనిషి మీరు. కట్టుకున్నదాని కోటుకి మాత్రం చేతికందిన దారం సరిపోయింది. ఈమధ్య నా మొహం చూసి మాట్లాడిందెప్పుడు? సూదిలో దారం ఎక్కించమని కేకెయ్యడమే. కొత్త బట్టలతో ఎదురుగా నిలబడినా "ఊఁ" అని ఊరుకుంటారు.

అక్క తన బేకరీలో తోడుండమంటోంది. ఓడ దిగి అటునించటే తనతో వెళ్ళిపోదామనుకుంటున్నాను. కోపంతో రాయడం లేదు. కోపమే అయితే ఎప్పుడో పోట్లాడేదాన్ని. జవాబు రాయాలనిపిస్తే వచ్చే రేవులో ఓడ కంపెనీ ఆఫీసుకి రాయండి.

మీ
చిట్టి

చిట్టీ,

చేతిరాత చూసి కంగారుపడకు. రాస్తున్నది పక్క మందుల షాపాయన. డాక్టర్ల చీటీలు చదివీ చదివీ ఈయన రాతా అలాగే తయారైంది. నీ ఉత్తరం చదివి వినిపించిందీ ఈయనే. మధ్యలో ఆగి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆ ముక్క రాయనంటే బలవంతంగా రాయించాను.

కొంతకాలంగా నా చూపు పోతోంది. అంచులు కనిపిస్తాయి, మధ్యలో అంతా మసక. నీ మొహం చూడకపోవడం కాదు, నీ మొహం ఉండాల్సిన చోట ఆ మసక ఉంటోంది. పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. కత్తెర చేతి అలవాటుమీద నడుస్తోంది. నీలానికీ ఆకుపచ్చకీ తేడా తెలియక, డబ్బాలో ఏ రంగు ఏ మూలనుందో గుర్తుపెట్టుకుని కుడుతున్నాను. నీ కోటుకి గుండీలు కుట్టే ముందురోజు నువ్వు ఆ డబ్బా శుభ్రంగా తుడిచి సర్దిపెట్టావు. రంగులు చోటు మారాయని నాకు తెలియలేదు.

టైలరుకి కళ్ళు పోతున్నాయంటే షాపు మెట్లు ఎవరెక్కుతారని మొదట దాచాను. తరవాత నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఓడెక్కితే ఆ మంచు ముందు నువ్వు "చూశారా" అంటావు, నేను "చూశాను" అనాలి. ఆ అబద్ధం నావల్ల కాదనిపించింది.

కానీ నువ్వు రాసిన ఆ చప్పుడు నాకు వినపడేదే. ఆ చలి నాకూ తగిలేదే. వదిన పట్టుకున్న చెయ్యి నేను పట్టుకునేవాణ్ణే. ఇది మాత్రం నాకు తట్టలేదు, చిట్టీ. ఎంత తెలివితక్కువ పని చేశానో.

వదిన దగ్గర ఉండాలనుంటే ఉండు. నిన్ను ఆపడానికి ఇదంతా చెప్పడం లేదు. తెలియకుండా వెళ్ళకూడదని చెప్పాను.

నీ
టైలరు

ఏమండీ,

రేవులోనే నిలబడి మీ ఉత్తరం చదివాను. బేకరీకి రానని చెప్పేశాను. దారంతా మిమ్మల్ని తిట్టిపోసిన అక్క, ఇప్పుడు నన్ను తిడుతూ ఏడుస్తోంది. బజారుకెళ్ళి నీలం దారం కొనుక్కొచ్చింది. నేనే గుండీలు విప్పనివ్వలేదు. ఇంటికొచ్చాక దారం డబ్బా మీ పాత పద్ధతిలో, మీరు చెబుతుంటే సర్దుతాను.

ఓడెక్కగానే డెక్ మీదికి పరిగెత్తాను. ఆ మంచుని మీకోసం ఇంకోసారి చూసి, ఎక్కడ ఎంత నీలమో, ఏ అంచు ఎలా విరిగిందో పూసగుచ్చినట్టు చెబుదామని. అది ఎప్పుడో వెనకబడిపోయిందని తెలిసే వెళ్ళాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు. మీరు అంత చూడాలనుకున్న దాని ముందు ఓడ చాలాసేపు ఆగిందండీ. ఆ ముక్క విరిగిపడ్డాక, మిగిలినంతసేపూ నేను తలొంచుకుని నా గుండీలే చూసుకున్నాను.

మీ
చిట్టి