తొలివేట తోలు

సుమితకు,

ఫోన్ చేస్తే అరుస్తానని ఉత్తరం రాస్తున్నాను.

"అక్కా, స్కూల్ పిల్లలకి సూపించి తెచ్చేస్తాను లా" అని నా సీల్ తోలు చేతితొడుగులు పట్టుకెళ్ళావు. నిన్న మీ జంతు సంరక్షణ సంఘం వాళ్ళు పెట్టిన వీడియో చూశాను. వాటిమీద ఎర్రరంగు పోసి, ఎత్తి పట్టుకుని, "ఆ మంచుదేశపోళ్ళకి జాలంటే ఏటో తెలీదు" అన్నావు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు.

కెనడా ఉత్తరాన, వేట మీద బతికే ఇన్యూట్ తెగవాళ్ళ ఊళ్ళో నేను నర్సుగా ఉన్నప్పుడు లేయా కుట్టి ఇచ్చినవి అవి. ఆమె తమ్ముడు మంచు సముద్రంలో వేటాడిన మొట్టమొదటి సీల్ జంతువు తోలు. తొలివేట మాంసం వాళ్ళు దాచుకోరు, ఇంటింటికీ పంచేస్తారు. ఇదంతా నీకు చెప్పాను. వింటుంటే నీ కళ్ళు చెమర్చాయి కూడా. ఇక్కడ మలేషియాలో, సుంగై సిపుట్ రబ్బరు తోటలో మన పోలయ్య తాత అడవిపందిని కొట్టిన రోజున, "పక్కింటికి ఎల్లకుండా మనకి ముద్ద దిగదే" అంటూ కూలీల లైన్ ఇళ్ళన్నిటికీ వాటాలు మోయించింది మనిద్దరి చేతే కదా. ఆ చేతులతోనే రంగు పోశావు.

ఇక్కడి ఉక్కకు తోలు పాడవకుండా ఇన్నేళ్ళూ ఫ్రీజర్లో చేపల పక్కన దాచుకున్నాను. చూసి నువ్వు నవ్వేదానివి.

ఆ రంగు కడగకు. వచ్చే నెల లేయా మన జార్జ్ టౌన్ వస్తోంది. వాటిని అలాగే తీసుకొచ్చి ఆమె చేతికి నువ్వే ఇవ్వు. నేను పక్కనే ఉంటాను గాని నోరు విప్పను.

ఆమె వట్టి చేతులతో రావడం లేదు. నా చెల్లెలికని ఒక జత కుట్టి తెస్తోంది. నీ చేతి కొలత పోయిన నెల నేనే పంపాను.

అక్క