మొదటి మగ్గు నీళ్లు

ఏప్రిల్ 3, సాయంత్రం

అక్క మోకాలికి ఆపరేషన్ అయి ఐదు వారాలు. కాలు డెబ్భై డిగ్రీల దగ్గర మొరాయించి కూర్చుంది. ఈ నెల ఇరవైకల్లా తొంభై వంగకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాలన్నాడట డాక్టరు. ఆ మాట చెబుతూనే అక్క ఏడ్చేసింది. మత్తంటే దానికి చచ్చేంత భయం. మొదటిసారే లేస్తానో లేవనో అని అందరికీ అప్పగింతలు పెట్టి వెళ్లింది.

నొప్పి తెలియకుండా కాలు వంగేది నీళ్లలోనే. అందుకే పెరట్లోని పూల్‌లో రోజూ అరగంట నడవమంది ఫిజియోథెరపీ అమ్మాయి. చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలి. క్లబ్బులో లీవు పెట్టి వచ్చాను.

ఏప్రిల్ 4

ఆ పూల్ మా బావ కట్టించింది. ముప్పై ఏళ్లు ఆఫీసులో కాగితాల మీద స్టాంపులు గుద్ది రిటైరయ్యాడు. ఇప్పుడు ఇంజనీరు! చొక్కా జేబులో టెస్టర్ కూడా పెట్టుకుంటాడు. ఫ్యూజు పోతే మాత్రం పక్కింటివాళ్లని పిలుస్తాడు.

నేను క్లబ్బు పూల్ పంపులు ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. ఈ మహానుభావుడు నన్ను పంపు మీద చెయ్యి వెయ్యనివ్వడు.

ఇవాళ పంపు ముందుండే జల్లెడ బుట్టలో ఆకులు నిండాయి. తీసి కడిగాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తిరిగి పెట్టాక ఆ బుట్ట కూర్చునే డబ్బా నిండా నీళ్లు పోసి, మూత బిగించి, అప్పుడు స్విచ్చి వెయ్యమన్నాను. పంపు నీటిమట్టం కన్నా పైన ఉంది, మొదటి మగ్గు మనం పోస్తేనే తర్వాత అది లాక్కుంటుంది అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు. షెడ్లోంచి అట్టపెట్టె మోసుకొచ్చి, దాని మీద సెల్ఫ్ ప్రైమింగ్ అని రాసుంది చూడమన్నాడు. మీ క్లబ్బు డొక్కు పంపులకి పొయ్యాలేమో, ఇది కొత్త మోడల్, దానంతటదే లాగుతుందన్నాడు. అదీ అక్క ముందర, నవ్వుతూ.

అంతలో ఫోనొస్తే లోపలికి వెళ్లాడు. నేను గబగబా మూత విప్పి, నీళ్లు పోసి, మళ్లీ బిగించాను. వచ్చి స్విచ్చి వేశాడు. నిమిషంలో నీళ్లందుకుంది. చూశావా బామ్మర్దీ అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

ఏప్రిల్ 8

డెబ్భై ఎనిమిది! అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బావేమో క్లోరిన్ తన లెక్క ప్రకారం వెయ్యడం వల్లే కాలు వంగుతోందన్నాడు. ఇలాంటివాడితో ఏం వాదిస్తాం.

ఏప్రిల్ 9, ఉదయం

మేడ వరండాలో పళ్లు తోముకుంటున్నాను. కింద బావ బుట్ట తీశాడు, దులిపాడు, పెట్టాడు, మూత బిగించాడు. చుక్క నీళ్లు పొయ్యలేదు. చెట్టెక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తాం? ఇవాళ దానంతటదే లాగనీ అనుకున్నాను.

స్విచ్చి వేసి పేపరు చదువుకోవడానికి పోయాడు. ఎండు పంపు ఎలా అరుస్తుందో నాకు తెలుసు. ఐదు నిమిషాలు అరిస్తే ఇంజనీరు గారి తిక్క కుదురుతుంది అనుకున్నాను. స్నానానికి వెళ్లాను. కిందికొచ్చేసరికి ఇరవై నిమిషాలయింది. కాలిన వాసన.

అదే రోజు, మధ్యాహ్నం

మెకానిక్ వచ్చాడు. లోపల సీలు మాడిపోయిందట, డబ్బా వేడికి వంగిపోయిందట. సామాను రావడానికి వారం పడుతుందన్నాడు. నీళ్లు పొయ్యకుండా ఎవరు వేశారని బావ మొహం మీదే అడిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కంపెనీవాళ్లు దొంగ మాల్ అంటగట్టారని బావ రంకెలు. నిజం చెప్పొద్దూ, భలే సంతోషమేసింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ 12

పంపు తిరగక పూల్ నీళ్లు పచ్చబడ్డాయి.

ఏప్రిల్ 13

ఆ నీళ్లలో కాలు పెట్టనివ్వనంది ఫిజియోథెరపీ అమ్మాయి. మంచం మీదే వంచుతోంది. అక్క అరుపులు వీధి గుమ్మం దాకా వినిపిస్తున్నాయి. బావ వరండాలో చెవులు మూసుకుని కూర్చున్నాడు. వెళ్లి చెయ్యి పట్టుకోవచ్చుగా! అదీ చేతకాదు.

నేను కూడా వరండాలోనే ఉన్నాను.

ఏప్రిల్ 17

సామాను వచ్చింది. పంపు బిగించారు. బావ బకెట్టు పట్టుకుని నా దగ్గరికొచ్చి, ఎంతవరకు పొయ్యాలో చెప్పమన్నాడు. టెస్టర్ జేబులో లేదు. మూత అంచు దాకా పోయించాను. సగం కాళ్ల మీదే పోసుకున్నాడు. తర్వాత అక్క గదిలోకి వెళ్లి, వీడు చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు, నీకీ కష్టం నావల్లేనని ఏడ్చాడు. అరవై మూడేళ్ల మనిషి.

అప్పుడు నోరు విప్పాల్సింది. విప్పలేదు.

అక్క నా వంకే చూస్తోంది. దాని మంచం పక్కన కిటికీ ఉంది. అందులోంచి మేడ వరండా మొత్తం కనిపిస్తుందని అప్పుడు గమనించాను.

ఏప్రిల్ 20

నీళ్లింకా తేటపడలేదు. డాక్టరు కొలిచాడు. డెబ్భై రెండు. ఎల్లుండి మత్తు.

ఏప్రిల్ 22, ఉదయం ఏడున్నర, హాస్పిటల్

లోపలికి తీసుకెళ్లబోతుంటే అక్క నన్ను దగ్గరికి పిలిచింది. మేడ మీంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది కదరా అంది. కోపంగా కూడా అనలేదు. స్ట్రెచర్ తోసుకుపోయారు.

బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. నువ్వు ఉండబట్టి ధైర్యంగా ఉంది బామ్మర్దీ అంటున్నాడు.

అక్క ఈయనకి చెప్పలేదు.