నడిమి కుట్టు

సిద్దిపేట
12-11-1988

తమ్ముడు సిద్ధిరాములుకు,

అందరం బాగున్నాం. మిజోరం క్యాంపు నుంచి నువ్వు అవ్వకు పంపిన, అక్కడివాళ్లు ఒంటికి చుట్టుకునే పువాన్ బట్ట తడవకుండా చేరింది.

విప్పగానే బాపు వేలు బట్ట నడుమ నిలువునా ఉన్న కుట్టు మీద ఆగింది. "చినిగినదాన్ని కుట్టి పోరనికి అంటగట్టిండ్రు. నేసేటోళ్లింట్ల పుట్టి గింత సూసుకోడా?" అన్నాడు.

"నా కొడుకు పంపిండు, కప్పుకుంట. నువ్వు నాకు ఎన్నడన్న కప్పినవా?" అంది అవ్వ.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు. కుట్టుకు రెండు వైపులా నేసిన అంచే ఉంది, తెగిన పోగు ఒక్కటీ లేదు. రెండు పట్టీలు విడిగా నేసి, చారలు తప్పకుండా కలిపారు. పట్టీ వెడల్పు మూరకు నాలుగు వేళ్లు ఎక్కువ. "గింత సన్న మగ్గం ఎట్లుంటది?" అని రెండు రోజులుగా అదే మాట.

అక్కడి ఆడవాళ్లు మగ్గాన్ని నడుముకు కట్టుకుని నేస్తారని రాశావు. కళ్లారా చూశావా, ఎవరైనా చెప్పారా? నేసే ఇంటికి వెళ్లి చూసి బొమ్మ గీసి పంపు. మలేరియా గోళీలు మానకు. నీ సైకిల్ పక్కింటి రాధాకిషన్ అడుగుతున్నాడు, ఇవ్వనా?

చెల్లె జ్ఞానేశ్వరి పోలియో కాలితో మన గుంట మగ్గం తొక్కలేక ఇన్నేళ్లూ నూలు కండెలే చుడుతోంది కదా. ఇప్పుడు నా పక్కన కూర్చుని ఒక్క మాట రాయమంటోంది: "ఆ మగ్గానికి కాళ్లతోని పనుంటదా, లేదా అడుగు అన్నా."

ఉంటే ఉందనే రాయి. దాని సంతోషం కోసం లేదని రాయకు.

అవ్వ, బాపు దీవెనలు.

అన్న కాశీనాథం