అమ్మమ్మ దాటేసిన కుర్చీ

ఉట్రెక్ట్, శుక్రవారం

విలెమీన్ గారికి,

మీ అమ్మాయి మరీకెకీ నాకూ పెళ్ళి కాలేదు కనుక మిమ్మల్ని అత్తయ్యా అనడానికి లేదు. ఫెన్నాకు మీరు అమ్మమ్మ, ఆ వరసతోనే రాస్తున్నాను.

ఫెన్నా పట్టుబట్టిందని పుట్టినరోజుకు నన్నూ పిలిచారు, సంతోషం. పుట్టినరోజు పిల్లకే కాక ఆమె వాళ్ళందరికీ అభినందనలు చెప్పే మన డచ్ ఆనవాయితీ ప్రకారం, వచ్చినవాళ్ళంతా గుండ్రంగా కూర్చున్న వాళ్ళందరి చేతులూ వరసగా పట్టుకుని, "మీ మనవరాలికి ఐదేళ్ళు, అభినందనలు!" "మీ మేనకోడలికి ఐదేళ్ళు, అభినందనలు!" అంటూ తిరిగారు. పక్కింటావిడను కూడా వదల్లేదు. నా కుర్చీ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరికీ కాఫీ గుర్తొచ్చింది. మీక్కూడా. కోపంతో రాయడం లేదు. ఏమో, కోపమేనేమో.

ఫెన్నా చూసింది. "అమ్మమ్మా, నాన్నకి చెప్పడం మర్చిపోయావ్!" అని అందరిలో అరిచింది. "తర్వాత చెప్తాలేవే" అన్నారు మీరు.

మంగళవారం కోర్టు. వారానికి రెండు రోజులు పిల్లను నా దగ్గర ఉండనివ్వమని అడిగాను. పిల్లకు నేనెవరో సరిగ్గా తెలియదని మరీకె తరఫు వకీలు అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు, ఈ ఉత్తరం కూడా నాలుగుసార్లు చింపి రాశాను.

నా తరఫున మాట్లాడమని అడగను. మంగళవారం మీరూ వస్తారట కదా. జడ్జి ఎదుట నా చెయ్యి పట్టుకుని, పుట్టినరోజు నాడు "తర్వాత చెప్తా" అన్న ఆ మాట చెప్పండి.

ఫెన్నా వాళ్ళ నాన్న