నీ సైకిల్ చక్రాల కింద నిమ్మకాయలు

నాన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే అమ్మ నీ సైకిల్‌ని డొనేషన్ వాళ్ల కోసం డ్రైవ్‌వేలో పెట్టింది. రోజూ గరాజ్‌లో దాన్ని చూడలేకపోతున్నానంది. నువ్వు ఇంగ్లండ్‌లో పనిచేసినప్పుడు శనివారాలు పల్లెదారుల్లో ఊరూరా ఆగి టీ తాగుతూ తిరిగిన సైకిల్ అది. డొనేషన్ ట్రక్ వచ్చేలోపే గాలి కొట్టి, పక్క ఊరు అరోరాలో ఉన్న మన గుడికి తొక్కుకుంటూ వెళ్లాను. వాహన పూజకి వచ్చిన కొత్త కార్ల వరసలో నిలబెట్టాను.

"కార్ ఏదమ్మా?" అన్నారు పంతులుగారు.

"ఇదేనండీ నా బండి."

వెనకున్న అంకుల్ నవ్వాడు. "ఆ డొక్కు సైకిల్‌కి నిమ్మకాయలు కూడా వేస్టే."

"నిమ్మకాయలు నావే అంకుల్. మీవి అడగలేదుగా."

చక్రాల కింద అవి చక్కగా చితికాయి. తిరిగొచ్చేటప్పుడు మొక్కజొన్న చేల పక్కనుంచి నీలాగే తీరిగ్గా తొక్కాను. హారన్ కొట్టినవాళ్లని కొట్టుకోనిచ్చాను. మధ్యలో ఆగి ఫ్లాస్క్‌లో టీ తాగాను.

ఇంటి ముందు ట్రక్ ఆగి ఉంది. హ్యాండిల్‌కి వేలాడుతున్న పూలదండని, కుంకుమబొట్టుని అమ్మ చాలాసేపు చూసింది.

"ఇవాళే పూజ చేయించిన బండిని ఎలా ఇచ్చేస్తామే?" అని వాళ్లని పంపించేసింది.

అలా అంటుందనే గుడికి వెళ్లాను నాన్నా.