జనానా వైపు కెమెరా

జూన్ 11, బుధవారం

జగిత్యాలలో సెమినార్. ఫొటోగ్రఫీ చదివినవాళ్ళకు ఏయే ఉద్యోగాలున్నాయో చెబుతారని, మా బిడ్డ కూతురు దీపను తీసుకుని కోరుట్లలో బస్సెక్కాను. హైదరాబాదులో నాలుగేళ్ళు బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ చదివి పోయిన నెల మా ఇంటికి వచ్చింది. ఇక్కడే పని చేస్తానంటుంది.

మాట్లాడినవాడికి ముప్పై దాటవు. తెర మీద బొమ్మలు వేశాడు. ఫ్యాషన్, వైల్డ్ లైఫ్, ఫుడ్, ట్రావెల్. పోర్ట్‌ఫోలియో కట్టుకోండి, ఇంటర్న్‌షిప్ పట్టండి, నెట్‌వర్కింగ్ చేయండి అన్నాడు. నేను లేచాను. ఇక్కడ మామిడి మార్కెట్ ఉంది, పసుపు ఉంది, ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉన్నాడు, మీ చిరుతపులి ఏ మండలంలో ఉందని అడిగాను. హాలంతా నవ్వింది. వాడూ నవ్వి, పెద్దాయనతో సెల్ఫీ దిగుదాం రండి అన్నాడు. యాభై ఏళ్ళు ఫొటోలు తీసినవాణ్ణి. ఫొటోల మీద రెండు బీరువాల పుస్తకాలు చదివినవాణ్ణి. దిగలేదు.

తిరిగొచ్చేటప్పుడు దీప అసలు మాట చెప్పింది. తనకు పెళ్ళిళ్ళు తీయాలని ఉందట. కాలేజీలో ఈ మాటంటే ప్రొఫెసర్లు మొహం అదోలా పెట్టారట. కోపాలున్నవాళ్ళు కూడా ఒక్క చోట నిలబడేది పెళ్ళిలోనే కదా అంది.

ప్రొఫెసర్లు గాడిదలని చెప్పాను.

జూన్ 14

పెళ్ళిళ్ళు తీయాలంటే ఫొటోగ్రాఫర్ల అసోసియేషన్ కార్డు ఉండాలి. కార్డు లేకుండా కోరుట్లలో ఎవరైనా ఫంక్షన్‌కు కెమెరా తీస్తే మెంబర్లు వచ్చి ఆపేస్తారు. కార్డు రావాలంటే ఒక మెంబర్ దగ్గర మూడేళ్ళు లైట్లు మోయాలి. అసోసియేషన్ పెట్టింది నేను. ఈ రూలు రాసింది నేను. మంచి రూలు. ఇప్పటికీ అదే అంటాను.

ఇప్పటి ప్రెసిడెంట్ జితేందర్. నా దగ్గర లైట్లు మోసినవాడే. ఆరేళ్ళ కింద మీటింగులో నేను, మీరు ఫొటోలు తీస్తలేరు, టేబుల్ ఫ్యాన్ పెట్టి పెళ్ళికూతుళ్ళ చున్నీలు ఎగరేస్తున్నరు అన్నాను. సభ్యులను అవమానించానని నా పేరు తీసేశారు. తీర్మానం చదివినవాడు జితేందర్. అందుకని దీప నా దగ్గర ఎన్నేళ్ళు మోసినా లెక్కకు రాదు.

జూన్ 20

దీప ఒక్కతే జితేందర్ స్టూడియోకు పోయింది. నేను ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి అడుగు పెట్టను.

పది నిమిషాల్లో బయటికొచ్చింది. వాడన్న మాటలు వాడి గొంతుతోనే చెప్పింది. "ఇప్పటిదాంక ఆడపిల్లకు కార్డియ్యలే. బారాత్‌ల నడిరాత్రిదాంక లైటెవరు మోస్తరు బిడ్డా, నువ్వా? ఫొటోషాప్ వస్తది గద, లోపట సల్లగ కూసోని ఆల్బములు చెయ్యి."

మోస్తానందట. వాడు నవ్వాడట. సార్‌కు నమస్తే చెప్పమన్నాడట.

ఆ నమస్తే నేను తీసుకోలేదు.

జూలై 3

సిరిసిల్ల. చీరల వ్యాపారి సతీశ్ ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఫొటోలు తీసేవాళ్ళ కోసం చూస్తున్నాడంటే నేనే తీసుకుపోయాను. తెల్ల గోడ, రోజంతా చీరలు. అదీ ఒక దారే. రంగు రంగులా రావాలి, లేకపోతే చీర వాపసు వస్తుంది. తేలిక పనేం కాదు.

సతీశ్ దీపను కిందినుంచి మీదిదాకా చూశాడు. చీర కట్టుకోను ఒక పిల్ల, ఫొటో తీయను ఒక పిల్ల, రెండు ఖర్చులెందుకు, టైమర్ పెట్టుకుని రెండూ నువ్వే చెయ్యరాదా అన్నాడు. దీప బ్యాగు జిప్పు మూసి బయటికి నడిచింది.

బస్టాండులో ఇద్దరం మిర్చి తిన్నాం. నాకు బీపీ. అయినా తిన్నాను.

జూలై 22

దీప గడువు పెట్టుకుంది. దసరా లోపల ఒక్క పెళ్ళి దొరకకపోతే హైదరాబాదు పోయి, ఐడీ కార్డులకు ఫొటోలు తీసే కంపెనీలో చేరుతుందట. పిలుపు కూడా వచ్చిందట. పోనియ్యమని నా భార్య లింగవ్వ అంటున్నది. పిల్ల ఉసూరుమంటూ ఇంట్లో కూర్చుంటే నీకేమొస్తదని నన్నే తిట్టింది.

పోతే జితేందర్ గెలిచినట్టు. లింగవ్వకు ఈ మాట చెప్పలేదు. చెబితే ఇంకా తిడుతుంది.

ఆగస్టు 19

ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఫొటో కనిపెట్టిన ఫ్రెంచి దొర పటానికి జితేందర్ దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. దొర పైనుంచి అంతా చూసి ఊరుకున్నాడు.

ఆగస్టు 30

షాహెదా బేగం వచ్చింది. ఆమె కూతురు అస్మా, దీప చిన్నప్పుడు ఇక్కడ ఒకే బడిలో చదువుకున్నారు. అస్మా నిఖా సెప్టెంబర్ 14న. పెళ్ళికొడుకు జెద్దాలో ఉంటాడు.

వాళ్ళ పెళ్ళిళ్ళలో ఫొటోగ్రాఫర్ మగవాళ్ళ వైపే ఆగిపోతాడు. పరదా అవతల జనానా, ఆడవాళ్ళ వైపు. అక్కడ పెళ్ళికూతురు, తల్లి, అత్తలు, పాటలు, మెహందీ, ఏడుపులు, అన్నీ ఉంటాయి, ఫొటో ఉండదు. షాహెదాకు తన పెళ్ళి ఫొటో ఒక్కటి లేదు. ఆమె అత్తకు హజ్ పాస్‌పోర్టులో ఉన్నదొకటే ఫొటో. దీప ఆడపిల్ల కదా, లోపలికి రావచ్చు కదా అని అస్మా అడగమన్నదట.

ఒక షరతు పెట్టింది. ఆ ఫొటోలు ఏ మగవాడి కంటా పడకూడదు. ల్యాబులో కుర్రాళ్ళ కంటా పడకూడదు. తీసినదీ, సరిచేసినదీ, ప్రింటు వేసినదీ దీప ఒక్కతే కావాలి. దీప మాటిచ్చింది. షరతు బాగుందని నేనూ తలూపాను.

వందల నిఖాలు తీశాను. అన్నీ సగం పెళ్ళిళ్ళేనని నా రెండు బీరువాల్లో ఏ పుస్తకమూ చెప్పలేదు.

సెప్టెంబర్ 14, పగలు 12

ఫంక్షన్ హాలు. దీప రెండు లైట్లు భుజాన వేసుకుని పరదా దాటి పోయింది. నేను మగవాళ్ళ వైపు కుర్చీలో. మగవాళ్ళ వైపు ఫొటోగ్రాఫర్ ఎవరనుకుంటారు? జితేందరే.

2 గంటలకు

పరదా వెనక ఫ్లాష్ మెరవడం జితేందర్ చూశాడు. ఇద్దరు మెంబర్లను వెంటబెట్టుకుని పరదా దగ్గరికి పోయి, లోపల తీస్తున్నది ఎవరు, బయటికొచ్చి కార్డు చూపించాలి అని గట్టిగా అడిగాడు. నేను ముందు వరుస కుర్చీలోకి మారాను. సరిగా కనపడాలి కదా.

షాహెదా బేగం పరదా అంచు దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"లోపట మగోళ్ళు రావద్దు, జితేందర్ భయ్యా. మీ సంఘంల ఆడమనిషి ఎవరన్నా ఉంటే పంపు. ఆమె చూస్తది కార్డు."

సంఘంలో ఆడమనిషి లేదు. పెళ్ళికొడుకు మేనమామ లేచి, ఏంది లొల్లి, మిమ్ముల పిలిచింది ఫొటోలు తియ్యనా, పరదా తియ్యనా అని అడిగాడు. మెంబర్లిద్దరూ బిర్యానీ వైపు నడిచారు. జితేందర్ వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు.

అప్పుడు నమస్తే పెట్టాను.

సెప్టెంబర్ 17

ఇంటి వెనక నా పాత డార్క్‌రూమ్ ఉంది. నలభై ఏళ్ళు అందులోకి నేను తప్ప ఎవరూ పోలేదు. దీప అందులో ప్రింటర్ పెట్టింది. లోపలినుంచి గడియ పెట్టుకుని పని చేస్తున్నది. గడియ ఇవతల నేను.

ఒక్క ఫొటో చూపించమన్నాను. లేదంది. లైటింగ్ చూసి తప్పులుంటే చెబుతానన్నాను. లేదంది. డెబ్బై ఆరేళ్ళవాణ్ణి, ఒక కంట్లో శుక్లం, నన్ను కూడా మగవాళ్ళలో జమ కడతావా అన్నాను.

"మాటిచ్చిన తాతా. షరతు బాగున్నదని నువ్వే అన్నవ్."

తలుపు అవతలినుంచే అంది.

సెప్టెంబర్ 18

దీపతో మాట్లాడలేదు.

సెప్టెంబర్ 19

ఇవాళ కూడా.

సెప్టెంబర్ 26

ఆల్బమ్ ఇచ్చేసింది. షాహెదా ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది. లింగవ్వ కూడా పోయింది. నేను తీసిన ఏ ఫొటో చూపించినా, ఇందుల మనోళ్ళు ఎవరన్నా ఉన్నరా అని మాత్రమే అడిగిన మనిషి. ఆమె చూసింది. నేను చూడలేదు.

రాగానే కూర్చోబెట్టి అడిగాను. ఎట్లా ఉన్నాయి? మంచిగున్నయంది. మంచిగంటే? ఎవరి మొహం మీద ఏమున్నది? షాహెదా అత్త తన ఫొటో చూసుకుని, ఆల్బమ్ ఒళ్ళోంచి ఎవరికీ ఇవ్వలేదట. వెలుతురు ఏ పక్కనుంచి పడిందని అడిగాను.

"ఏ పక్కనుంచి పడ్డదో నాకేమెరుక? ముసలామె నవ్వుతున్నది. గంతే."

యాభై ఏళ్ళు ఫొటోగ్రాఫర్‌తో కాపురం చేసి వెలుతురు చూడని మనిషి. అన్నం తినకుండా పడుకున్నాను.

అక్టోబర్ 4

దసరా దాటింది. దీప హైదరాబాదు పోలేదు. జగిత్యాలలో రెండు నిఖాలు, మెట్‌పల్లిలో ఒకటి ఒప్పుకుంది. హిందువుల ఇళ్ళనుంచీ అడుగుతున్నారు, పెళ్ళికూతురు గదిలో ఆడపిల్ల అయితే బాగుంటుందని. లైట్లు మోయడానికి ఒక అమ్మాయి కావాలట. ఎన్నేళ్ళు మోయాలని అడిగాను. పని వచ్చేదాకా అంది. నా రూలు కంటే అధ్వానం. చెప్పాను.

జితేందర్ కబురు పంపాడు. దీపకు కార్డు ఇస్తారట, లైట్లు మోయకుండానే. నా పేరు కూడా మళ్ళీ రాసుకుంటారట. దీప కార్డు దీప ఇష్టం. నా పేరు నా దగ్గరే ఉండనీ అన్నాను.

నవంబర్ 2

లింగవ్వ రెండో ఆల్బమ్ చూసి వచ్చింది. చెప్పులు విడవకముందే చెప్పింది.

"ఎడమ పక్కనుంచి. కిటికీల నుంచి."