రెండు గదుల కోళ్ళు

నా మీద కోపం తెచ్చుకోవడం చేతకాని వదినకు,

కాలు కాలిన పిల్లిలా ల్యాబ్‌లో తిరుగుతున్నాను. అన్నయ్య ఫోన్ ఎత్తడం లేదు, అందుకే నీకు రాస్తున్నాను. కోళ్ళ జబ్బు మీ షెడ్డుదాకా వచ్చినప్పుడు పెట్టుకున్న పరీక్ష ఫలితం తేలింది. మందు కలిపిన నీళ్ళు తాగిన గదిలోనూ, ఉత్త నీళ్ళు తాగిన గదిలోనూ కోళ్ళు ఒకేలా జబ్బుపడ్డాయి, ఒకేలా చచ్చాయి. అంటే మందు పనిచేయలేదు.

ఎన్నోసార్లు చెప్పి నిన్ను విసిగించాను కదా, వైరస్‌కు సొంత వంటిల్లు ఉండదని! కోడి కణంలో దూరి దాని పొయ్యి మీదే వండుకుంటుంది. మా మందు వైరస్ జోలికి పోదు. కణం చావకుండా ఆ మంటను కాస్త తగ్గిస్తుంది, అంతే. గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో వైరస్ నీరసించిపోవడం నా కళ్ళారా చూశాను. ఆ ధైర్యంతోనే మీ కోళ్ళను అడిగాను. ఇప్పుడు మా పెద్దసారు "ఇక మూసేద్దామమ్మా" అంటున్నారు. నాకు ఒళ్ళు మండుతోంది, ఏడుపూ వస్తోంది. సోమవారం ఉద్యోగం మానేస్తున్నాను. అన్నయ్యకు నువ్వే చెప్పు. నన్ను నమ్మి కోళ్ళనిచ్చిన మనిషికి నా మొహం చూపించలేను.

నీ ఆడపడుచు


మా మొండి డాక్టరమ్మకు,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అన్నయ్య అన్నం ముందు నుంచి లేచిపోయారు. నిలదీస్తే అప్పుడు కక్కారు. మొదటి రోజు ఉత్త నీళ్ళ గదిలోకి వెళ్తే కోళ్ళన్నీ కాళ్ళ చుట్టూ మూగాయట. "సగం కోళ్ళకు మందు పోసి, మిగతావి రొప్పుతుంటే చూస్తూ ఊరుకోమంటే ఎలాగే? నాకు చేతులాడలేదు" అన్నారు. నువ్వు ఒక గదికని పంపిన మందును రోజూ రెండు గదులకూ సగం సగం పంచారు. మేలు చేస్తున్నాననుకున్నారు మహానుభావుడు! నీ ఫోన్ ఎత్తనిది అందుకే.

నాకర్థమైనంతవరకు నీ మందు ఓడిపోలేదు, అసలు దానికి పరీక్షే జరగలేదు. అవునా కాదా? ఆయన్ని నిన్న బాగా దులిపాను. ఉద్యోగం మానేశావంటే నీకూ అవే తిట్లు పడతాయి. వచ్చే నెల కొత్త కోడిపిల్లలు దిగుతున్నాయి. జబ్బు మళ్ళీ వస్తే రెండు గదులూ నీవే. మీ పెద్దసారుతో నేను మాట్లాడతాను.

కానీ ఈసారి రెండు గదులకూ ఒకేలాంటి సీసాలు పంపు. దేనిలో మందు ఉందో మీ అన్నయ్యకు చెప్పకు. నాకూ చెప్పకు. ఆయన్ని తిట్టి విసురుగా షెడ్డులోకి వెళ్ళానా, మిగిలిన కోళ్ళు నా చుట్టూ కూడా మూగాయి.

మీ వదిన